కూర్చుంటే కనపడాలి

ఆ స్టేడియం గేటు పక్కన నల్లరాతి పలక మీద పదహారు పేర్లున్నాయి. అందులో ఒక్కడైనా తట్ట మోశాడా, సుత్తి పట్టాడా? సెంట్రింగ్ మేస్త్రీ పేరు మాత్రం లేదు. లేకపోతే పోయింది, ఆయన ఏనాడూ అడగలేదు. ఆయన కోపం వేరే దాని మీద.

ముప్పై ఏళ్ల కిందట తూర్పు గ్యాలరీ మెట్లకు కాంక్రీటు పోసే చెక్కలు బిగించింది ఆయనే. ఇంజినీరు ఇచ్చిన కాగితంలో మెట్లన్నీ ఒకటే ఎత్తు. అందుకు మేస్త్రీకి మనసొప్పలేదు. ఇటుకలు పేర్చి, పలకలు పరిచి, కూలీలను వరసగా కూర్చోబెట్టాడు. అందరి వెనకా తన భార్యను కూర్చోబెట్టాడు. ఆవిడ కూడా అక్కడే తట్ట మోసేది. మనిషి బాగా పొట్టి.

"ఏమే, మైదానం అంచు గీత మీద బంతి పెట్టాను. కనపడుతోందా?"

"బంతా! ముందున్న వీడి బుర్ర తప్ప ఇంకేం కనపడట్లేదయ్యా."

పైకి వెళ్లేకొద్దీ మెట్టు ఎత్తు పెరగాలని అలా తేలింది. "నాకే చదువు చెప్తావా?" అని ఇంజినీరు గుడ్లురిమాడు.

"నేనెవర్ని సార్ చెప్పడానికి? ఒక్కసారి ఆవిడ పక్కన కూర్చోండి, చాలు."

కూర్చున్నాడు. లేచి కాగితం మార్చాడు. ఆపైన ప్రతి వరసకూ ఆవిడ కూర్చుని "ఆఁ, కనపడుతోంది" అంటేనే మేస్త్రీ మేకు దిగ్గొట్టేవాడు.

"ఆ గ్యాలరీలో ఇంతవరకు ఎవడూ ముందువాణ్ణి కూర్చోమని అరవలేదు, తెలుసా?" అనేవాడు అందరితో. కూతురి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకూ ఇదే చెబుతూ కూర్చుని, పిల్లను పిలవడం మరిచిపోయాడు.

ఈ ఏడు స్టేడియాన్ని బాగుచేశామన్నారు. ఏం బాగు! తూర్పు గ్యాలరీకి ముందే, మైదానం అంచున నడుమెత్తు అరుగు కట్టి, పెద్దమనుషులకు సోఫాలు వేశారు. మొదటి ఆటకు మొగుడూపెళ్లాలిద్దరూ టికెట్లు కొనుక్కుని గ్యాలరీ మూడో వరసలో కూర్చున్నారు. ఆవిడ మెడ ఎంత సాచినా సోఫాల్లోని తలకాయలే కనిపించాయి.

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. వాళ్ల వరస పక్కనే నిలబడ్డ కొత్త ఇంజినీరును నిలదీశాడు.

"పెద్ద తెర పెట్టాం కదా తాతా, అందులో చూడండి."

"తెరలో చూసే భాగ్యానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో మంచం మీద పడుకుని చూడనూ?"

"కింది నాలుగు వరసలకే కదా. కాస్త సర్దుకోవాలి."

సర్దుకోవాలట! సోఫాలో కాలు మీద కాలేసుకున్నవాడికి చెప్పరేం ఆ మాట?

ఇంతలో మైదానంలో గోల లేచింది. ఏమైందో చూద్దామని ఆవిడ లేచి నిలబడింది. వెనకనుంచి ఒకడు అరిచాడు.

"కూర్చోవమ్మా ముందు!"

ఆవిడ తప్పు చేసినదానిలా చటుక్కున కూర్చుంది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ వినని మాట మేస్త్రీ విన్నాడు. అదీ ఆ మెట్లకు కాంక్రీటు మోసిన మనిషినే అనగా విన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం తను కూర్చునే మెట్టు మీదికెక్కి గొంతు చించుకున్నాడు.

"ఆవిడెందుకు కూర్చోవాలిరా? ఆ సోఫాల వాళ్లను దిగమనండి! దిగండయ్యా! మీరు దిగితేనే మాకు ఆట!"

ముందుగా అందుకున్నది ఆవిణ్ణి కసిరినవాడే. "దిగండి!" అన్నాడు. తర్వాత అతని వరస, ఆ పై వరస, చివరికి గ్యాలరీ గ్యాలరీ అంతా అదే కేక. సోఫాల్లోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన కాలు మీంచి కాలు తీశాడు.

మేస్త్రీ రొప్పుతూ భార్యవైపు వంగాడు. "ఏమే, కనపడుతోందా?"

"ఇంకా లేదు," అంది ఆవిడ. "నువ్వు ఆపకు."