గెలిచినవాడి చాయ్

ఉప్పుగూడలో తాళాలు బాగుచేసే కైలాసానికీ, పక్కింటి జగదీశ్వర్‌కీ నడిమి గోడ గురించి ఏళ్ల తరబడి దావా నడిచింది. గోడ మీదుగా తిట్టుకున్న రోజుల్లో తెలుగూ ఉర్దూ కలిపి తిట్టుకున్నారు, ఒక్క ముక్క అర్థం కాకుండా పోలేదు. కోర్టు మెట్లెక్కాక అంతా ఇంగ్లీషే. వాయిదా అయ్యాక ఇద్దరూ నయాపూల్ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. ఆ రోజు ఎవరిది పైచేయో వకీళ్లు చెప్పేవారు. పైచేయి అయినవాడు చాయ్ తాగించాలి. అది వాళ్ల రివాజు.

తీర్పును జడ్జిగారు ఇంగ్లీషులో చదివారు. ఇద్దరూ దండం పెట్టారు. పెద్దాయన ముందు మొహం మాడ్చుకోవడం మర్యాద కాదని కైలాసం కాస్త నవ్వాడు కూడా. వకీళ్లు వేరే కేసుందంటూ పక్క హాలుకు పరుగెత్తారు.

హోటల్లో ఇద్దరూ చాయ్ తాగడం అయిపోయింది. ఎవరూ లేవలేదు.

“పైసలియ్యవేందన్నా?” అన్నాడు కైలాసం.

“గెల్చింది నువ్వు గదా?” అన్నాడు జగదీశ్వర్.

“నేనా? జడ్జి ముందట నువ్వు నవ్వినవు. గందుకే నేను ఓడిననుకున్న.”

జగదీశ్వర్ ఖాళీ కప్పు కేసి చూశాడు.

“నువ్వు నవ్వినవని నేను నవ్విన భాయ్.”