టెలిస్కోపు కోసం మా నాయిన కట్టబోయిన సిమెంటు దిమ్మె

మేం చిన్నగా ఉన్నప్పుడు... కామాటిపురలో ఒంటిగది వాటాల పాత మేడ, ఆ చాల్‌లో చివరి అంతస్తు గది మాది. మా నెత్తి మీదే మిద్దె. ఒక మధ్యాహ్నం దాని మీద ధబ్బుమని ఇసుక సంచి దిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా నాయిన తాపీ మేస్త్రీ. ఆకాశమంటే పిచ్చి. డ్రమ్ము మీద గాజు బిళ్ళ పెట్టి, గరుకు పొడి వేసి, దాని చుట్టూ తిరుగుతూ నెలల తరబడి అరగదీసి టెలిస్కోపుకి కంచమంత అద్దం చేశాడు. ఇక దాన్ని నిలబెట్టాలి. పాత పుస్తకంలో రెండు బొమ్మలున్నాయి... ఒకటి సిమెంటు దిమ్మె మీద బిగించిన ఇనప గొట్టం. రెండోది నేల మీద పెట్టి తిప్పుకునే చెక్క పెట్టె.

"గీ పెట్టె బియ్యం డబ్బ లెక్కుంది. మనం కామాటోళ్ళం, కట్టుడే మన పని. దిమ్మె కడ్తే ఏక్‌దమ్ కదలదు" అన్నాడు నాయిన.

మిద్దె మీద ఆ దిమ్మె సరిగ్గా మా అవ్వ మంచం పైన వచ్చేలా ఉంది. అవ్వకి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. నేను బడి నుంచి వచ్చి పక్కన కూర్చున్నానో లేదో, పైన ఇసుక సంచి దిగి దూలం కిర్రుమంది. అవ్వ దుప్పటి మీద సన్నగా మట్టి రాలింది. పరుగున మిద్దె ఎక్కాను.

"నాయినా, అవ్వ మీద మట్టి రాలుతుంది."

విసుక్కుంటూ దిగాడు. దూలం ఆనిన చోట గోడ మీద వెంట్రుకంత పగులు. మేస్త్రీలు చేసే పనే చేశాడు... పలచటి గాజు ముక్క ఒకటి పగులుకి అడ్డంగా ప్లాస్టరుతో అతికించాడు. పగులు పెరిగితే గాజు విరుగుతుంది.

"పాత చాల్, చప్పుడు చేస్తది. గిది పలగకుంటే బేఫికర్" అని, అది గట్టిపడ్డాక మళ్ళీ పైకెళ్ళాడు.

నేను ఆ గాజు మీద నుంచి చూపు తిప్పలేదు. "అవ్వా, బయటికి పోదామా?" అన్నాను. "మీ నాయిన మేస్త్రీ బిడ్డా. ఊకో" అంది. ఆమెను లేపే బలం నాకు లేదు. భయానికి ఏడుపు కూడా రాలేదు...

పైన ఇంకో సంచి దిగింది. టిక్... గాజు రెండు ముక్కలైంది.

నేను వేసిన కేకకు నాయిన మెట్లు దూకుతూ వచ్చాడు. గోడ చూశాడు. అవ్వను చేతుల్లో ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తాడు. ఆ తర్వాత ఎవరినీ పైకి రానివ్వకుండా సంచులన్నీ ఒక్కడే దించాడు. చివరికి అవ్వ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, ఇంకో సంచి ఏస్తే నిన్ను సంపుకుందును" అన్నాడు.

అవ్వ బాగున్న చేత్తో ఆయన తల నిమిరింది.

గోడకు ఊతం పెట్టించాక ఆ బియ్యం డబ్బ లాంటి పెట్టెనే చేసి, అద్దం అందులో బిగించి, గల్లీలో పెట్టాడు. రెండు ఇళ్ళ సందులో కనిపించినంత ఆకాశమే మాకు దక్కింది... గల్లీ అంతా వరస కట్టి చూసింది.

అప్పటి నుంచి నేను "భయమైతుంది" అంటే చాలు, నాయిన చేతిలో పని కింద పెట్టేసేవాడు. ఎందుకని కూడా అడిగేవాడు కాదు. ఇప్పుడు నా పిల్లలు అదే మాటంటే, నేను ఫోను చూస్తూనే "ఏం కాదులే" అంటున్నాను...

మీ భయాన్ని నమ్మి పని ఆపేసిన మనిషి మీ ఇంట్లో ఎవరు? ఒక్కసారి ఇక్కడ వాళ్ళను తలుచుకోండి.