మేడం వదులుకున్న పేరు

మా ఖోఖో మేడం పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. ముందు రోజు సాయంత్రం కూడా విజిలేసి పిల్లల్ని పరిగెత్తించిన మనిషి! నమ్మబుద్ధి కాలేదు. నందికొట్కూరు దగ్గర మా ఊళ్ళో ఆమె దగ్గర ఆడి పెద్దయినవాళ్ళం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని ఏడ్చాం.

ఆమె తిట్లు తినని పిల్ల మాలో లేదు. పరుగు మందగిస్తే, "ఏమే, పెండ్లికి పోతాండావా, ఆటకొచ్చినావా?" అనేవారు. చీర మీద మగవాళ్ళ ట్రాక్‌సూట్ కోటు, దాని జేబులో ఎప్పుడూ బెల్లం ముక్కలు. ఎవరిని ఎక్కువ తిడితే వాళ్ళకు పెద్ద ముక్క.

మా గ్రౌండుకు వాళ్ళ నాయన పేరుండేది. ఆయన డ్రిల్లు మాస్టారు. రాళ్ళేరి, గుంతలు పూడ్చి ఆ బీడును ఆటస్థలం చేసిందాయనే. అయితే లైట్లు లేవు, బట్టలు మార్చుకోవడానికి గది లేదు. పొద్దు గూకితే ఇంటి నుంచి పిలుపొచ్చేది. ఈడొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే ఆట మానేసేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక సిమెంటు కంపెనీ వాళ్ళొచ్చి, అవన్నీ కట్టించి స్టేడియం చేస్తాం, మా కంపెనీ పేరు పెట్టుకోనివ్వండి అన్నారు.

ఊరు భగ్గుమంది. మేడం ముందుండి కొట్లాడతారని పెద్దలంతా వాళ్ళింటికి పోయారు. నేనూ పోయాను. ఆమె అందరికీ టీ ఇచ్చి, "మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద ఇచ్చినోళ్ళ పేరుండాది. తిరిగేటప్పుడు ఎవరికన్నా కనపడుతుందాప్పా? గాలొస్తే సాలు. పెట్టుకోనీ పేరు. సాయంత్రం ఆట మాత్రం ముందు ఆడపిల్లలదే. ఆ మాటకు ఒప్పుకుంటేనే," అన్నారు.

"మీ నాయన పేరు కదమ్మా!" అన్నాడొక పెద్దాయన.

"నాయనుంటే నాకంటే ముందే ఊ అనేటోడు."

కంపెనీవాళ్ళు ఆ మాటకు ఒప్పుకున్నారు. గ్రౌండు గేటు ఆర్చి మీద వాళ్ళ నాయన పేరు తీసేసిన రోజు మాత్రం మేడం రాలేదు. మర్నాడు కళ్ళు వాచి ఉన్నాయి.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు సాయంత్రం గ్రౌండుకు పోయాను. ఆట ఉండదనుకున్నా. లైట్లు వెలుగుతున్నాయి. పిల్లలు వరసగా కూర్చుని, ఖో అనగానే లేచి ఉరుకుతున్నారు. మెట్ల మీద ఇద్దరు తల్లులు.

"పొద్దు గూకింది, పిల్లల్ని పిల్చుకోని పోదాం పా," అంది ఒకామె.

"ఉండక్కా, వెలుతురు శానా ఉండాది. ఇంకొంచేపు ఆడుకోనీ," అంది రెండో ఆమె, కూతురి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని.