కట్టేసిన చేత్తో దండం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. చీకట్లో దొడ్లోకి ఒక్కదాన్నే పోయి వచ్చేదాన్ని. నాకు భయమన్నది ఉంటే అది మా ఆయన లారీ నడపడం మీదే. ఆ భయం సూర్యాపేట నుంచి కోదాడ దాకా మేకలకు కూడా ఉండేది.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు సంగతి ఇది. మా ఆయన సూర్యాపేటలో ఒక మిల్లు సేటు దగ్గర డ్రైవరు. పొద్దున్నే బయలుదేరి కోదాడలో బియ్యం బస్తాలు దించి, అటునుంచి మిర్యాలగూడ పోయి వడ్లు ఎత్తుకొని, సాయంత్రానికి మిల్లుకు చేరాలి.

మనిషి తాగడు. బండి మీద కునుకు తీయడు. తొందర అసలే లేదు. ఉన్న రోగమల్లా దండం. దారిలో ఎవరు దండం పెట్టినా స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ జోడించి, నొసటి దాకా ఎత్తి తిరిగి పెట్టేవాడు. ఒంటిచేత్తో పెడితే పొగరంటారని ఆయన బాధ. ఆ కాసేపట్లో లారీ తనకు నచ్చిన వైపు పోయేది.

అట్లా మునగాల దగ్గర ఒకసారి కుండల బండిని గుద్దాడు. హుజూర్‌నగర్‌లో చాయ్ హోటలు పందిరి కూల్చాడు. పందిరి కింద నుంచి లేచినవాళ్ళు తిట్టబోతే వాళ్ళకూ దండమే పెట్టాడు. మూడోసారి ఏకంగా మిల్లు గేటు స్తంభమే పోయింది. సేటు తల్లి అరుగు మీద నిలబడిందట, ఆ పెద్దమనిషికి పెట్టకుండా ఎట్లా పోతాడట!

సేటు పిలిచి ఒకటే మాట చెప్పాడు. "ఇంకొక్కపారి చేతులు ఇడిసినట్టు కనవడ్డదో, తాళంచెవి గీడ వెట్టి పో. నీ మర్యాద నాకొద్దు. నా లారీ నాకు గావాలె."

ఆ కొలువు తప్ప మాకు గుంటెడు భూమి కూడా లేదు. ఇంటికి రాగానే ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని మెల్లగా అన్నాడు.

"నా చిన్నప్పుడు దొర బండి వస్తె మా నాయిన చెప్పులు చేతవట్టుకొని బాట పక్కకు నిలవడెటోడు. మా నాయినకు జన్మల ఒక్కడు దండం వెట్టలే. నాకు వెడ్తుండ్రే! తిరిగి వెట్టకుంటె ఎట్లనే?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ నేను జాలిపడితే కుండలోకి గింజలు రావు కదా.

మర్నాడు లారీలో ఆయన పక్కన నేనే ఎక్కి కూర్చున్నాను. నా పాత చీర పేలికతో ఆయన కుడి మణికట్టును స్టీరింగుకు కట్టేశాను. తిప్పుకోవడానికి జానెడు వదులు ఉంచాను, నొసటి దాకా ఎత్తడానికి మాత్రం ఉంచలేదు. ఎడమ చెయ్యి గేరుకు కావాలి, దాన్ని వదిలేశాను. ఒట్టి ఎడమచేత్తో దండం పెట్టేంత తెలివితక్కువవాడు కాదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన చేసిన అన్ని ప్రమాదాల కంటే నేను వేసిన ఆ ముడే పెద్ద ప్రమాదం.

దారి పొడుగునా జనం దండాలు పెడుతూనే ఉన్నారు. ఆయన పళ్ళు బిగించి ముందుకే చూశాడు. మనిషి కనబడ్డప్పుడల్లా మణికట్టు ఎగిరేది, ముడి ఆపేది. నేను ఆ రెండు చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు. ఈ మాట ఎవరడిగినా ప్రమాణం చేసి చెబుతాను.

కోదాడలో బస్తాలు దించుతుంటే బియ్యం కొన్న షావుకారు నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు.

"మీ ఆయన మర్యాదే మర్యాదమ్మా. అంత లోడుతో బజార్లోకి వస్తూ కూడా రెండు చేతులెత్తి దండం పెట్టాడు!"

ఏదో అలవాటు కొద్దీ అన్న మాటనుకున్నాను. బస్తాలు దిగాక మళ్ళీ చెయ్యి కట్టేశాను. మిర్యాలగూడ చేరి లారీ ఆపగానే ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "రెండు చేతులతోని వెట్టినవ్ కొడ్కా, సల్లగుండు" అని దీవించి పోయింది. పేలిక చూశాను. వేసిన ముడి వేసినట్టే ఉంది. ఎందుకైనా మంచిదని దాని మీద ఇంకో ముడి వేశాను.

ఎండ ఉండగానే మిల్లుకు వచ్చేశాం. గేటులో సేటు నిలబడి ఉన్నాడు. పక్కనే మా అన్న. అతను ఆ మిల్లులోనే కాంటా మీద బస్తాలు తూచేవాడు. మా పెళ్ళి భోజనాల్లో నెయ్యి సరిగా వడ్డించలేదని మొదలైన తగవు, అప్పటి నుంచీ బావా బావమరుదులకు మాటల్లేవు.

లారీ ఆగీ ఆగకముందే సేటు అరిచాడు. "నా కండ్ల ముంగట్నే రెండు చేతులు ఇడిసి దండం వెడ్తవా! తియ్యి తాళంచెవి!"

నేను ముడి చూపించాను. అది ఇప్పుడే కట్టిందన్నాడు. ప్రమాణం చేశాను, వినలేదు. మా ఆయన ఎడమచేత్తో తాళంచెవి తీసి ఇచ్చేశాడు. ఇక మా పని అయిపోయిందనుకొని గొల్లుమన్నాను.

అప్పుడు మా అన్న ముందుకు వచ్చాడు.

"ఏం దండం సేటు? నేను నీ పక్కకే నిలవడ్డ గద. గాయిన రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి. నా మొఖం జూసి ఒక్క ఏలన్న లేపలే. గింత పొగరున్నోన్ని నేను యాడ జూడలే!"

మా ఆయన్ను కాపాడటానికి మా అన్న అబద్ధం ఆడడని మిల్లులో అందరికీ తెలుసు. సేటు లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కడా ఒక్క గీత పడలేదు. గేటు స్తంభాన్ని కూడా తడిమి చూశాడు. తర్వాత తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, కళ్ళు నులుముకుంటూ లోపలికి పోయాడు.

ముడి విప్పుతూ అడిగాను. మణికట్టు ఎర్రగా కమిలి ఉంది.

"నిజం జెప్పు. ఎట్ల వెట్టినవ్?"

"నేను యాడ వెట్టిన? నువ్వు సూస్తనే ఉన్నవ్ గద. మనసుల మాత్రం ఒక్కరిని ఇడ్వకుంట అందరికి వెట్టుకుంట వచ్చిన."

"అందరికా?"

ఆయన కాంటా వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించాడు. "మీ అన్నకు వెట్టలే."

ఆ రోజు జనం చూసిన చేతులు ఎవరివో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆయన మాత్రం మర్నాటి నుంచి పేలిక లేకుండానే, స్టీరింగు మీది నుంచి చేతులు తీయకుండా ఆ దారిలో ఏళ్ళ తరబడి లారీ నడిపాడు. డ్రైవరుకు మర్యాద తెలియదని ఒక్కరు కూడా అనలేదు, మా అన్న తప్ప.