బయటి బేరానికి బయటి కత్తి

హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్ వెళ్లే దారిలో కొబ్బరి బోండాల లచ్చమ్మను ఎరగని ఆఫీసు బస్సు డ్రైవరు లేడు. పన్నెండేళ్లుగా అదే బండి, అదే మలుపు. ఎడమ అరచేతిలో బోండాం తిప్పుతూ కుడిచేత్తో మూడే దెబ్బలు వేసేది. నాలుగోది పడిందంటే ఆ రోజు ఆమెకు ఒంట్లో బాగాలేదన్నమాట.

కత్తి కొనడంలోనూ ఆమెకో పద్ధతి ఉండేది. ఊళ్లో అంగడికి పోయి, కత్తిని రాయికి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. మోత సన్నగా సాగితేనే కొనేది. కిందటి ఎండాకాలం పాత కత్తి నూరీ నూరీ అరిగిపోయింది. బేరం జోరు మీదుంది, ఊరికి పోయే తీరిక లేదు. ఇంటర్ మధ్యలో మానేసిన కూతురు అఖిల ఫోన్లో ఒక కత్తి చూపించింది.

“అవుట్‌డోర్ కత్తి అంటమ్మా. బయట వాడేది.”

“మనది బయటి బేరమే గదనే! గదే పెట్టు.”

ఫొటోలో కత్తి పక్కన రెండుగా చీలిన బోండాం కూడా ఉంది. ఇంకేం కావాలి? ఫొటో మోగదు కదా అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

కత్తి వచ్చిన రోజు రెండు బోండాలు బాగానే తెగాయి. మూడోదానికి కత్తి పిడిలోంచి ఊడి వచ్చి, ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. దవాఖానలో కుట్లు వేసి, నరం తెగిందనీ, వేలు ఇక వంగదనీ చెప్పారు. వంగని వేలితో రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ కాయ జారి రోడ్డు మీద దొర్లింది. అప్పటి నుంచి కొట్టడం అఖిల వంతయింది. ఆరు దెబ్బలు, ఏడు దెబ్బలు. పక్కన కూర్చుని స్ట్రాలు అందించే లచ్చమ్మకు ఒక్కో దెబ్బా పళ్ల కింద రాయిలా తగిలేది.

భర్త మొగిలి సర్దిచెప్పబోయాడు. “ఇగ ఇడిసిపెట్టే. పైసలు వాపసిస్తరంట గద.”

“పైసలెవ్వనికి గావాలె? గా అమ్మినోని చెయ్యి గావాలె నాకు.”

పార్సిల్ కవరు మీద అమ్మినవాడి చిరునామా ఉంది. కూకట్‌పల్లి. లచ్చమ్మ రెండు బోండాలు సంచిలో వేసుకుని, అఖిలను వెంటబెట్టుకుని పోయి, మూడో అంతస్తులో ఆ గది తలుపు కొట్టింది.

తీసినవాడి పేరు ఉదయ్ భాస్కర్. గది నిండా అట్టపెట్టెలు. అంతా విని అన్నాడు. “అయ్యో ఆంటీ, అది ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్ల కోసమండి. బోండాలకి కాదండి.”

“మరి ఫొటోల బోండాం మీ నాయిన పెట్టిండా?”

అతను పెట్టెల వైపు తిరిగాడు. “కొత్తది ఇచ్చేస్తానండి.”

“తియ్యి. నాకు గాదు, నువ్వే పట్టుకో.” సంచిలోంచి బోండాం తీసి అతని ఎడమ చేతిలో పెట్టింది. “మూడే దెబ్బలు. కొడితే నీ కాళ్లు మొక్కి పోత.”

అఖిల ఎదురుగా నిలబడి ఫోన్ ఎత్తింది. “రికార్డు చేస్తున్న” అంది. ఆ పిల్ల అక్కడ మాట్లాడింది అదొక్కటే.

అతను పెట్టెలోంచి కొత్త కత్తి, సొరుగులోంచి తోలు గ్లవ్స్ తీశాడు. లచ్చమ్మ గ్లవ్స్ లాక్కుంది. “నాకిచ్చినవా గివి?”

బోండాన్ని నేల మీద పెట్టబోయాడు.

“చేతులనే వెట్టుకో.”

కత్తి పైకి లేచింది. అతని బొటనవేలినే చూస్తూ నిలబడింది లచ్చమ్మ. దెబ్బ పడాలని కోరుకుంది. దాపరికమెందుకు, మనసారా కోరుకుంది.

పడలేదు. “నా వల్ల కాదండి” అన్నాడు.

“ఎందుకు గాదు?”

“పిడి లోపల ఇనుము అంగుళమే ఉంటుందండి. ఊడొస్తుంది.”

“గది నీకు ముందే ఎరుకేనా?”

అతను తల దించుకున్నాడు. “తెలుసండి.”

ఆ సాయంత్రమే ఆ వీడియో అదే ఫొటో కింద, రివ్యూల్లోకి ఎక్కింది. వారంలో వేలమంది చూశారు. ఆఫీసు పిల్లలు బండి దగ్గర ఆగి, కత్తి కొనాలంటే ఏం చూడాలని అడిగేవారు. “పిడి లోపటికి ఇనుము ఎంత దిగిందో రాసియ్యమను. రాయకుంటే కొనకు” అని చెప్పేది.

ఉదయ్ భాస్కర్ రోజూ ఫోన్ చేసేవాడు. లచ్చమ్మ ఒక్కసారి కూడా కట్ చేయలేదు. స్పీకరు పెట్టి, కొనవచ్చినవాళ్ల ముందే తీరిగ్గా వినేది.

“ఆర్డర్లన్నీ ఆగిపోయాయండి. ఆ కత్తులు అమ్మడం మానేశానండి. ఏం చేస్తే వీడియో తీసేస్తారు ఆంటీ?”

“నా బొటనేలు వంగిననాడు నేనే ఫోన్ జేస్త బిడ్డా. గప్పటిదాంక నువ్వే చేస్తుండు. నీ గొంతు ఇంటే నాకు మంచిగ నిద్రవడ్తది.”