నూరు వీడ్కోలు పాటలు, పైన కొసరు

ఆ రోజుల్లో జనగామ బజారులో నాకంటే గట్టిగా బేరమాడేవాడు లేడని చెప్పుకునేవారు. చెప్పుకునేవారు అంటే, ముఖ్యంగా నేనే చెప్పుకునేవాణ్ని. కిరాణా కొట్టు గల్లా పక్కనే పాకి, అక్కడే నడక నేర్చినవాణ్ని మరి. అందుకే మా మరదలికి నోటితో చెప్పాల్సిన ఒక్క మాటను పాటల దుకాణంలో బేరమాడి, కొసరు కూడా వేయించుకుని కొన్నాను. ఇంత తెలివైన పని చేసినవాడు జిల్లాలో ఇంకొకడు ఉంటే చూపించండి.

రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న ఎండాకాలం అది. ఇవాళ బందు, రేపు ధర్నా, రెండూ లేని రోజు కరెంటు ఉండదు. సగం దించిన షట్టరు కింద వంగి వంగి పప్పూ చక్కెరా అమ్మి, ఇరవై నాలుగేళ్లకే నాకు నడుము పట్టేసింది. (ఉద్యమానికి మా ఇంటి త్యాగం ఆ నడుమేనని బాపు ఇప్పటికీ అంటాడు.) మా మేనమామ కూతురు భూపాలపల్లి నుంచి ప్రతి సెలవులకూ మా ఇంటికి వచ్చేది. ఆ ఏటితో ఆమె డిగ్రీ అయిపోయింది. ఈసారి వెళితే ఇక సెలవులంటూ ఉండవు, మామ సంబంధాలు చూడడం మొదలుపెడతాడు. ఆ సంగతి తెలిసి అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ మామకు ఇష్టమే, మీ బాపుకు ఇష్టమే. పిల్లనొక్క మాట నువ్వే అడుగు. బస్సెక్కినంక అడుగుడు కాదు, ఎక్కకముందే అడుగు" అంది.

మిర్చి బేరమైతే మహబూబాబాద్ యార్డులో మిట్టమధ్యాహ్నం మూడు గంటలు నిలబడి మాట్లాడగలను. ఆమె ఎదురుగా ఉంటే మాత్రం "చాయ తాగినవా" దాటి నాలుక కదిలేది కాదు. రోహిణి కార్తె ముగింపుకొచ్చింది. మామిడిపండ్లు అయిపోవచ్చాయి, సెలవులకొచ్చిన పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు, వాడకట్టు మొత్తానికి ఏదో నీరసం. ఆ నీరసానికి తగిన పాటలు నింపి ఇస్తే ఆమెకే అర్థమవుతుందని లెక్క వేశాను. అప్పట్లో ఫోన్లలో వేసుకునే మెమరీ కార్డులో పాటలు నింపి ఇచ్చే దుకాణాలు ఉండేవి. స్టేషన్ దగ్గరి అలాంటి దుకాణానికి వెళ్లాను.

"ఎసొంటి పాటలు గావాలె సేటు?" అన్నాడు దుకాణమాయన.

"ఎండాకాలం అయిపోతుంటే మనసుకు ఎట్లనో అయితది చూడు, గసొంటివి."

"అంటే ఏడుపు పాటలన్నట్టు."

"ఏడుపు కాదు, జర గుబులు. నువ్వే చూసి ఓ నూరు ఎయ్యి."

రేటు దగ్గర గంట గడిచింది. చివరికి ఆయన నా దారికి వచ్చాక, అలవాటుగా "కొసరు?" అన్నాను.

"పాటలకు కొసరేంది సేటు?"

"మా దుకాణంల బెల్లం కొంటే పిడికెడు పుట్నాలేస్తం. నువ్వేమేస్తవ్?"

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని, నన్ను వదిలించుకుంటే చాలన్నట్టు, "కార్డుల జాగ ఖాళీగున్నంత మేర ఉద్యమం పాటలేస్త, తీస్కపో అన్నా" అన్నాడు. గెలిచినట్టు ఇంటికొచ్చాను. అందులో ఏమున్నాయో విననైనా లేదు. (గింజ నోట్లో వేసుకుని చూడకుండా మా ఇంట్లో కందులు కూడా కొనరు.)

మర్నాడు బస్టాండులో ఆమె కిటికీ పక్కన కూర్చున్నాక కార్డు చేతికిచ్చాను.

"ఏంది బావా గిది?"

"పాటలు. తొవ్వల ఇను."

"గంతేనా?"

"ఇంకేం గావాలె?" అన్నాను. గల్లా దగ్గర పెరిగినవాడికి నాలుక చివర ఎప్పుడూ ఉండే ప్రశ్న అది.

"ఏమొద్దు" అంది. బస్సు కదలడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా కిటికీ కింద నిలబడి చింతపండు ధర ఎందుకు పెరిగిందో వివరించాను. ఇంటికి రాగానే "అడిగినవా?" అంది అమ్మ. "చెప్పి పంపిన" అన్నాను, దర్జాగా.

వానలు పడ్డాక మిర్చి బస్తాల కోసం మహబూబాబాద్ వెళ్లి వస్తుంటే, రోడ్డు మీదే వంటలు వండుతూ ఉద్యమకారులు దారి ఆపేశారు. పక్కన ట్రాక్టరు ట్రాలీ మీద, భూపాలపల్లి నుంచి వచ్చిన జట్టట, నలుగురు ఆడపిల్లలు పాడుతున్నారు. ముందు నిలబడి గొంతెత్తింది మా మరదలు. పాట అయ్యాక నన్ను చూసి దిగింది. విస్తరిలో అన్నం, పప్పు పెట్టి తెచ్చింది. "తిను బావా, పొద్దుగూకేదాక బండి కదలదు."

"గీ పాటలు యాడ నేర్చినవ్?"

"నువ్విచ్చినవే. నూరు దాటినంక ఉన్నయి సూడు, అవి."

"మరి ముందు నూరు?"

"వారం దినాలు ఇన్న. ఒగదాంట్ల ఆయన చెయ్యూపుతడు, ఒగదాంట్ల నన్ను మర్చిపో అంటడు. అన్నిట్ల ఎవలో ఒగలు పోతనే ఉన్నరు. నన్ను పొమ్మనేటందుకు నూరెందుకు, ఒగటి సాలు గదా అనుకున్న."

"పొమ్మని కాదు."

"మరేందని?" ఆమె నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. "జల్ది చెప్పు బావా. ఎల్లుండి కాటారం నుంచి పిల్లగానోళ్లు వస్తున్నరు. వాళ్లకు మా బాపు మాటిస్తడట."

ముద్ద చేతిలోనే ఉంది. వెనక ఎవరో హారను కొడుతున్నారు. నేను ఆమెను చూశాను, విస్తరిని చూశాను. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఆమె చిన్నగా నవ్వి, లేచి, ఉప్పు తెచ్చి విస్తరి అంచున పెట్టి, మళ్లీ ట్రాలీ ఎక్కింది.

ఆమె కాటారం కోడలైంది. ఇప్పుడు రాష్ట్రమూ వచ్చింది, నాకు బట్టతలా వచ్చింది. పాటలాయన దగ్గరే మళ్లీ నింపించుకున్న ఆ నూరు పాటలను ఏటా రోహిణి వెళ్లిపోయేటప్పుడు ఫోన్లో పెట్టుకుంటాను. "ఎండకు అలిసినోడు పండుకోక గివేం పాటలు" అంటుంది మా ఇంటామె. పాటలు నిజంగా మంచివి, చెప్పాలంటే. వింటూ కళ్లు మూసుకుంటే కిటికీ కింద చింతపండు గురించి ఉపన్యాసమిస్తున్న ఆ కుర్రవాడు కనబడతాడు, వాణ్ని చూసి ఇప్పుడు కోపం కూడా రాదు. లెక్క ఎన్నిసార్లు తిరగేసినా తేడా రావడం లేదు. మామ ఒప్పుకున్నాడు, అమ్మ, బాపు ఒప్పుకున్నారు, ఆమె రెండుసార్లు అడిగింది. పాటలాయన దగ్గర తప్పు లేదు, ఉద్యమం దగ్గర అసలే లేదు. బిల్లు మొత్తం నా ఒక్కడిదే.