వరద విడదీసిన స్టాంపులు

కొల్లేటి చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబు ఏలూరులో ఉంది. అందులో నాగదుర్గ ఉద్యోగం. ఇల్లు కైకలూరు దగ్గర ఒక లంకలో. పంగస్ చేపల పెంపకం గురించి చెప్పడానికి వియత్నాం నుంచి వచ్చిన నిపుణుడొకాయన, వెళ్లేరోజున ఆవిడ చేతిలో ఒక పాత స్టాంపు పెట్టాడు. తుపాకీ భుజాన వేసుకున్న సైనికుడి బొమ్మ. ఎటు తిప్పి చూసినా వెల మాత్రం లేదు.

"ధర వెయ్యలేదేంటండీ?" అని అడిగింది.

"సిపాయిలకి ఊరికే ఇచ్చేవాళ్లు. ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి," అన్నాడాయన, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మాట నాగదుర్గని వదల్లేదు. తాడేపల్లిగూడెంలో ఆనంద్ పాల్ గారని, రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన స్టాంపులు సేకరిస్తారని విని వెతుక్కుంటూ వెళ్లింది. "స్టాంపొక్కటే కొంటే బొమ్మ కొన్నట్టేనమ్మా. కవరుతో దొరికితేనే అది ఎక్కణ్ణించి ఎక్కడికి నడిచిందో తెలుస్తుంది," అన్నారాయన. అప్పట్నించీ ఆవిడకి కవర్ల మీదే కన్ను. సైన్యం నుంచి వచ్చిన కవరు మీద ఊరి పేరుండదు, ఒక నంబరుంటుంది. ఆ నంబర్లూ, తపాలా ముద్రల్లో అక్షరాలూ కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. వియత్నాం సిపాయిలు రాసిన కవర్లు ఒక్కొక్కటే కొని, ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచుకుంది.

బుడమేరు పొంగిన ఏడాది కొల్లేరు ఎగదన్నింది. నీళ్లు తీశాక ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిస్తే, కవర్లు ఒకవైపు, స్టాంపులు ఒకవైపు తేలుతున్నాయి. అవి జిగురు లేని స్టాంపులు. ఎప్పుడో ఎవరో అన్నం మెతుకులతో అంటించినవి. ఊడిరాక ఏమవుతాయి?

"పోనీలే దుర్గా, మనం బయటపడ్డాం. అదే పదివేలు," అన్నాడు భర్త రాజ్ కుమార్.

"నిజమేనండీ. అలాగని వీటిని పారెయ్యను."

మంచినీళ్లలో బురద కడిగి, ల్యాబులో వాడే వడపోత కాగితాల మధ్య పెట్టి ఆరబెట్టింది. చేతిరాత చాలావరకు కరిగిపోయింది. ముద్రల నూనెసిరా మాత్రం చెక్కుచెదరలేదు. అది చూసేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ముద్ర కొట్టినప్పుడు సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. ఆ రెండు సగాలూ కలిస్తే చాలు, ఏ స్టాంపు ఏ కవరుదో తెలిసిపోతుంది.

ఆదివారాలన్నీ దానికే పోయాయి. భూతద్దం పట్టుకుని, వంపుకి వంపు, అక్షరానికి అక్షరం సరిచూసింది. మెడ పట్టేసేది. ఒకసారి తప్పు జత పెట్టి, తేదీ కుదరక మళ్లీ విప్పింది. చివరికి రెండు కవర్లకి తప్ప అన్నిటికీ జత దొరికింది. మిగిలినవి ముద్ర సరిగా కనబడని చిరుగు ముక్కలే.

ఆవిడ కవర్లు పెట్టబోయే స్టాంపుల ప్రదర్శన ఏలూరులో దగ్గరపడుతుండగా ఆనంద్ పాల్ చూడ్డానికొచ్చారు. "ఆ రెంటికీ నా దగ్గరున్నవి ఇస్తానమ్మా. అచ్చం అలాంటివే. అంటించెయ్యి. కనిపెట్టేదెవరు?"

"ఆ సిపాయి అంటించినవి కావు కదండీ."

ఆయన ఆ రెండు కవర్లూ, చిరుగు ముక్కలూ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత, "ఏదీ, ఆ భూతద్దం ఇలా ఇయ్యి, నేనూ ఓసారి చూస్తాను," అంటూ కుర్చీ లాక్కున్నారు. ఆయనకీ దొరకలేదు.

ప్రదర్శనలో ఆ రెండు కవర్లూ ఖాళీ చోటుతోనే పెట్టింది. కవర్లు అమర్చిన ప్రతి పుట కిందా 'వరదలో విడిపోయినవి, ముద్ర చూసి కలిపినవి' అని తనే రాసింది. మరకలున్నాయని మార్కులు తగ్గించారు. కంచు పతకం వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాత్రం ఆగి, ముద్రలు జతపరిచిన పద్ధతి మొత్తం చెప్పించుకుని వెళ్లాడు.

ఇంటికొచ్చేసరికి రాజ్ కుమార్ గోడకి, వరదగీత కన్నా బాగా ఎత్తున, సిమెంటు అర కట్టించి ఉంచాడు.

"నీ కవర్లకి ఇది చాలా?" అన్నాడు.

నాగదుర్గ తలెత్తి చూసింది. "ప్రస్తుతానికి చాలండీ. పక్కన ఇంకోటి కట్టడానికి చోటుంది కదా?"